మనిషి రాకుండానే "మీ సర్వీస్ పూర్తయింది" అని మెసేజ్: తిరుపతి, చిత్తూరు వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

కొర్లగుంట వాణి:
మా వాషింగ్ మెషీన్ నీళ్లు పట్టడం లేదు, కాసేపు గుర్రుమని ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. వారంటీలోనే ఉంది. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే రేపు పది నుంచి ఒంటిగంట లోపల మనిషి వస్తాడన్నారు. మా ఆయన డ్యూటీకి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. ఎవరూ రాలేదు, ఫోను కూడా లేదు. సాయంత్రం మాత్రం "మీ సర్వీస్ పూర్తయింది, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు" అని మెసేజ్. మళ్లీ ఫోన్ చేసి అడిగితే, టెక్నీషియన్ వచ్చినప్పుడు ఇంటికి తాళం వేసి ఉందని రాశాడట. మనిషి ఇంట్లో కూర్చుని ఎదురు చూస్తుంటే తాళం వేసి ఉందని ఎలా రాస్తారు? ఒళ్లు మండిపోయింది. చిన్న పిల్లలున్న ఇల్లు, బట్టలు గుట్ట పడ్డాయి. ఏం చేస్తే పని జరిగిందో తెలిసినవాళ్లు చెప్పండి.

ఎమ్మార్‌పల్లి శీను:
అందరికీ ఇంతే అక్కా. చాలా కంపెనీలకు మన ఊళ్లో సొంత సర్వీస్ సెంటర్ ఉండదు, ఎవరికో ఒకరికి ఫ్రాంచైజీ ఇచ్చి వదిలేస్తారు. మా బంధువుల అబ్బాయి అట్లాంటి చోట కొన్నాళ్లు పనిచేశాడు. కంప్లయింట్ ఇన్ని గంటల్లో పూర్తి చేయాలని పైనుంచి గడువు ఉంటుందంట, దాటితే వీళ్లకు వచ్చే డబ్బులో కోత. మనిషి ఖాళీ లేకపోతే ఏం చేస్తారు, "తాళం వేసి ఉంది", "కస్టమర్ ఫోన్ ఎత్తలేదు", "కస్టమర్ తర్వాత రమ్మన్నారు" అని ఏదో ఒకటి రాసి మూసేస్తారు. మీరు మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబరు ఇస్తారు, గడువు మళ్లీ మొదటి నుంచి మొదలు. అందుకే కొత్త నంబరు తీసుకోవద్దు, పాత కంప్లయింట్‌నే తిరిగి తెరవమని గట్టిగా అడగండి. అట్లా తెరిస్తే అది పైవాళ్ల కంట్లో పడుతుంది.

పాకాల బాబు:
వాణి గారికి మనిషి రాలేదు. మాకు వచ్చాడు, అయినా ఇదే కథ. మా ఊళ్లో అమ్మా నాన్న ఇద్దరే ఉంటారు. ఫ్రిజ్ చల్లబడటం లేదని నేను బెంగళూరు నుంచి కంప్లయింట్ పెట్టాను. ఆ అబ్బాయి వచ్చి వెనకవైపు చూసి, పార్ట్ చెన్నై నుంచి రావాలన్నాడు. "వచ్చి చూసినట్టు నమోదు చేయాలమ్మా" అని అమ్మ ఫోనులో ఓటీపీ చూసుకుని వెళ్లిపోయాడు. అది పని పూర్తయిందని ఒప్పుకునే ఓటీపీ. ఆ మెసేజ్‌లో ఆ సంగతి రాసే ఉంది, కానీ అంతా ఇంగ్లీషులో. డెబ్బై ఏళ్ల మనిషికి అది ఎట్లా తెలుస్తుంది? మా వైపు ఫ్రిజ్ అమ్మేటప్పుడు తెలుగులో బోర్డులు, తెలుగులో పాంప్లెట్లు, పండగ ఆఫర్లని ఆటోలో మైకు పెట్టి మరీ తెలుగులో చెప్తారు. సంతకం లాంటి ఓటీపీ దగ్గరికి వచ్చేసరికి తెలుగు ఎక్కడికి పోతుంది? నాకు అన్నిటికంటే కోపం వచ్చింది ఇక్కడే.

తిరుచానూరు రోడ్డు లక్ష్మి:
బాబూ, మీ మాటే నాదీ. కస్టమర్ కేర్‌లో తెలుగుకు ఐదు నొక్కమంటారు, నొక్కితే అవతల మనిషి హిందీలో మొదలు పెడతాడు. ఇంకో బాధ పిన్‌కోడ్. తిరుపతి 2022 ఏప్రిల్ 4న వేరే జిల్లా అయింది. ఇన్నేళ్లయినా కొన్ని యాప్‌లలో 517501 కొడితే జిల్లా దగ్గర చిత్తూరు అనే వస్తుంది, మార్చడానికి కుదరదు. మా ఏసీ కంప్లయింట్ నేరుగా చిత్తూరు సెంటర్‌కు వెళ్లింది. డెబ్బై కిలోమీటర్ల దూరం నుంచి వాళ్లెందుకు వస్తారు, "మా ఏరియా కాదు" అని మూసేశారు. తిరుపతి సెంటర్‌ వాళ్లను అడిగితే "మాకు రాలేదు కదా మేడం" అంటారు. చివరికి దుకాణం మేనేజరు దగ్గర కూర్చుని ఆయన చేత ఫోన్ చేయిస్తే కదిలింది. కొన్న దుకాణాన్ని వదలకండి. రేపు ఇంకో వస్తువు కొంటారన్న ఆశ వాళ్లకు ఉంటుంది, కాల్ సెంటర్‌కు ఉండదు.

గిరింపేట మురళి:
ఇది చదివేవాళ్లందరికీ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. దయచేసి కస్టమర్ కేర్ నంబరు నెట్‌లో వెతకొద్దు. చిత్తూరులో మా పెదనాన్న మిక్సీ కంపెనీ నంబరు కోసం వెతికితే పైన కనపడిన నంబరు దొంగలది. చాలా మర్యాదగా మాట్లాడారంట. రిజిస్ట్రేషన్‌కు పది రూపాయలు కట్టమని లింకు పంపారు, ఫోను తెర వాళ్లకు కనపడే యాప్ ఒకటి వేయించారు. ఆయన పిన్ నొక్కేది వాళ్లు చూస్తూనే ఉన్నారు. పింఛను డబ్బులు పోయాయి. నాకు తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేశాం, సైబర్ మోసాలకు దేశమంతా అదే నంబరు. బ్యాంకుకు కూడా చెప్పి ఖాతా ఆపించాం. డబ్బు వెళ్లిన ఖాతాలో ఇంకా మిగిలి ఉన్నది వరకు ఆగింది, ముందే తీసేసుకున్నది పోయింది. ఎంత తొందరగా చెప్తే అంత మంచిది, ఉదయం చూద్దాం అనుకోకూడదు. నంబరు కావాలంటే వారంటీ కార్డు మీదో, మెషీన్ వెనక స్టిక్కరు మీదో చూడండి. ఆయన ఇప్పటికీ డబ్బు సంగతి ఎత్తితే మాట్లాడరు.

బైరాగిపట్టెడ మెకానిక్:
నేను వాషింగ్ మెషీన్లు, గీజర్లు బాగు చేస్తాను. వాణి అక్కా, నీళ్లు పట్టకపోతే కంపెనీ మనిషి వచ్చేలోపు మీరే ఒకటి చూడొచ్చు. ప్లగ్ తీసేయండి, కొళాయి కట్టేయండి. మెషీన్ వెనక నీళ్ల పైపు బిగించిన చోట తిప్పి ఊడదీస్తే లోపల చిన్న ప్లాస్టిక్ జాలీ కనపడుతుంది. కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా లాగితే వస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో అది తెల్లటి సున్నం, ఇసుకతో పూడిపోయి ఉంటుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది మళ్లీ పెట్టేయండి. కల్యాణి డ్యామ్ నీళ్లు, తెలుగుగంగ నీళ్లు వచ్చే వీధుల్లో ఈ బాధ తక్కువ. ఎండాకాలం బోరు మీదో ట్యాంకరు మీదో ఆధారపడే అపార్ట్‌మెంట్లలో ఎక్కువ. వేడినీళ్ల మెషీన్ అయితే లోపల హీటర్ రాడ్‌కు కూడా సున్నం పడుతుంది, అప్పుడు కరెంటు ఎక్కువ కాలుతుంది, రాడ్ తొందరగా పోతుంది.

ఇంకో మాట. వచ్చే అబ్బాయిల మీద మరీ కోప్పడొద్దు. చాలామందికి నెల జీతం ఉండదు, కాల్‌కు ఇంత అని ఇస్తారు, పెట్రోలు సొంతం. తప్పుడు రాతలు రాయడం తప్పే, అది నేను కాదనను. కానీ నా కోపం కంపెనీల మీద. ఇప్పుడు ప్రతిదానికీ పీసీబీ, అంటే మెషీన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు, ఆ బోర్డు మా లాంటి వాళ్లకు విడిగా అమ్మరు, అమ్మినా ధర వింటే కస్టమర్ కొత్తది కొనుక్కుంటానంటాడు. కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగు చేయించుకునే హక్కు) అని పోర్టల్ పెట్టింది. ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు, వ్యవసాయ యంత్రాల విడిభాగాల వివరాలు, బాగు చేసే పద్ధతి కంపెనీలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. మంచిదే. మాకు కావలసింది దుకాణంలో దొరికే బోర్డు.

రేణిగుంట ప్రసాద్:
పదేళ్ల వారంటీ అని స్టిక్కరు చూసి ఫ్రిజ్ కొన్నాం. మూడో ఏడు కూలింగ్ పోయింది. వారంటీ కంప్రెసర్‌కు మాత్రమేనంట. అది ఉచితంగానే మార్చారు, కానీ గ్యాస్ ఛార్జింగ్, లేబర్, రాకపోకలు అన్నీ మనవే, ఆ బిల్లు చూసి మా అమ్మకు నోట మాట రాలేదు. కొనేటప్పుడే అడగండి: మొత్తం వస్తువుకు ఎన్నేళ్లు, బోర్డుకు ఎన్నేళ్లు, గ్యాస్ ఎవరిది, వోల్టేజీ తేడాతో కాలిపోతే ఎవరిది. సేల్స్ అబ్బాయి నోటితో చెప్పింది బిల్లు మీద రాయించుకోండి.

కొర్లగుంట వాణి:
మెకానిక్ అన్నా, చాలా థ్యాంక్స్. జాలీ తీసి చూశాం, మీరు చెప్పినట్టే సున్నం గడ్డకట్టి ఉంది. ఇప్పుడు నీళ్లు పడుతున్నాయి. కానీ పిండే దగ్గరికి వచ్చేసరికి గట్టిగా శబ్దం వచ్చి ఆగుతోంది, దానికి మనిషి రావాల్సిందే. పాత నంబరే తెరవమని అడిగాను, తెరిచారు. వస్తారో రారో చూడాలి.

న్యాయవాది సుధ, తిరుపతి:
వాణి గారూ, ఈసారి కూడా రాకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు ఏమీ కట్టక్కర్లేదు. బిల్లు ఫోటో, కంప్లయింట్ నంబరు, "పూర్తయింది" అని వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి. ఆ రోజు మీకు సర్వీస్ వాళ్ల నుంచి ఫోన్ రాలేదని చూపించే కాల్ లిస్టు కూడా స్క్రీన్‌షాట్ తీసుకోండి, అది చాలా బలమైన ఆధారం.

పాకాల బాబు:
మేడం, నేను 1915కి చేశాను. వాళ్లు కంపెనీకి పంపారు, కంపెనీ "పరిష్కరించాం" అని జవాబు రాసింది. అక్కడా అదే అబద్ధం. ఇంకేం చేయాలి?

న్యాయవాది సుధ, తిరుపతి:
హెల్ప్‌లైన్ రాజీకి ప్రయత్నిస్తుంది, కంపెనీని ఆదేశించే అధికారం దానికి లేదు. ఆ అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌ది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా సరే. వస్తువుకు మీరు కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ఉంది, లాయరు తప్పనిసరి కాదు. ముందు కంపెనీకి, దుకాణానికి ఇద్దరికీ జరిగింది తేదీలతో రాసి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మీ అమ్మగారి దగ్గర ఓటీపీ ఎలా తీసుకున్నారో కూడా అందులో రాయండి. చాలా కేసుల్లో నోటీసు అందాకే కంపెనీ పై స్థాయి మనిషి ఫోన్ చేస్తాడు. నిజం చెప్పాలంటే కేసు వేస్తే నెలలు పడుతుంది, వాయిదాలుంటాయి. అయినా వేయమనే చెప్తాను, మీరు ఊరుకుంటే ఆ రికార్డులో మీ అమ్మగారి ఫ్రిజ్ బాగైపోయినట్టే ఉండిపోతుంది.

పాకాల బాబు:
సరే మేడం. ఈ ఆదివారం ఊరికి వెళ్తున్నాను, కాగితాలన్నీ తీస్తాను.

పలమనేరు రాధ:
ఒక సందేహం. మా గ్రైండరు బిల్లు ఆ మెత్తటి కాగితం మీద ఇచ్చారు, బీరువాలో పెట్టింది పెట్టినట్టే ఉంది కానీ అక్షరాలు మొత్తం చెరిగిపోయి తెల్ల కాగితం అయింది. సర్వీస్ సెంటర్ వాళ్లు బిల్లు లేకపోతే వారంటీ లేదంటున్నారు. ఇప్పుడు దారి ఏమిటి?

తిరుచానూరు రోడ్డు లక్ష్మి:
రాధా, అది వేడికి అచ్చు పడే కాగితం, ఎండకీ ఉక్కకీ చెరిగిపోతుంది. దుకాణానికి వెళ్లి కొన్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు చెప్పమ్మా, కంప్యూటరు బిల్లయితే మళ్లీ తీసి ఇస్తారు. కార్డుతోనో ఫోనుతోనో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తేదీ దొరుకుతుంది, ఆ తేదీ చెప్తే వాళ్లకు వెతకడం సులువు. ఈసారి మామూలు కాగితం మీద ప్రింటు, దుకాణం ముద్ర అడిగి తీసుకో. దాన్ని ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకు కూడా పంపి పెట్టు.