విశాఖ రేవు గూడ్సు బండ్లను ఎక్కడి నుంచి ఫొటో తీయాలి?

కొత్త కెమెరా: నమస్కారమండీ. విశాఖ రేవుకూ ఉక్కు కర్మాగారానికీ వచ్చిపోయే గూడ్సు బండ్లను రెండు నెలలుగా ఫొటోలు తీస్తున్నాను. ఏది చూసినా మట్టిరంగు ఇనుప గోడే తప్ప బండి కనబడడం లేదు. పైగా ఒక యార్డు ప్రహరీ పక్కన కెమెరా తీసినందుకు కాపలావాళ్లు అరగంట కూర్చోబెట్టి ఫొటోలన్నీ చెరిపించారు. దారి చెప్పగలరా?

గాజువాక వాసి: ఆ రెండు ప్రాంగణాలూ సి.ఐ.ఎస్.ఎఫ్. (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) కాపలాలో ఉన్నవి కనుక ప్రహరీ దరిదాపుల్లో కెమెరా తీయకండి. పట్టాల మీదికి దిగడం రైల్వే చట్టం, 1989లోని 147వ సెక్షన్ కింద నేరం కూడాను. ఉక్కు కర్మాగారం బండ్లు మెయిన్ లైనులో కలిసేది దువ్వాడలోనే. అక్కడ స్టేషన్ మాస్టరును ముందుగా అడిగి, ప్లాట్‌ఫారం మీదే నిలబడండి.

పాత గూడ్సు: మీ ఇబ్బంది చోటుతో కాదు, ఎత్తుతో అనిపిస్తోంది. బాక్స్ ఎన్ వ్యాగను, అంటే పైకప్పు లేని గూడ్సు పెట్టె, మూడు మీటర్లకు పైగా ఎత్తుంటుంది కాబట్టి కింది నుంచి చూస్తే గోడే కనబడుతుంది. అదే రోడ్డు వంతెన మీది నుంచి చూడండి: బొగ్గు వ్యాగను అంచుదాకా నల్లగా నిండి ఉంటుంది, ఇనుప ఖనిజం వ్యాగను మాత్రం సగం కూడా నిండదు. ఖనిజం అంత బరువు కనుక, అడుగున ఎర్రటి కుప్పలు పడేసరికే మోయగలిగిన అరవై టన్నులూ అయిపోతాయి. సగం ఖాళీగా పోతోందని నేనూ చాలాకాలం పొరబడ్డాను. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే వ్యాగను లోపలి నీడ తొలగి ఆ కుప్పలు తేటగా కనబడతాయి కనుక, ఉదయపు వెలుగే మంచిదన్న మాట ఇక్కడ పనికిరాదు.

అరకు దారి: ఆ ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస–కిరండోల్ మార్గంలో దిగివస్తుంది. నిండు బండ్లు ఘాటు (కొండదారి) దిగుతాయి, ఖాళీ బండ్లు ఎక్కుతాయి. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ దాటాక బండిని లాగడం కన్నా అదుపులో పట్టి ఉంచడమే ఇంజన్లకు పెద్ద పని. కిరండోల్ ప్యాసింజరెక్కి, బొర్రా గుహలు వంటి స్టేషనులో క్రాసింగు కోసం, అంటే ఎదురు బండికి దారివ్వడానికి, ఆగినప్పుడు కిటికీలోంచే తీయండి. వర్షాకాలంలో తడిసిన ఖనిజం రంగు ఎండలో కన్నా ముదురుగా వస్తుంది.

కొత్త కెమెరా: ధన్యవాదాలండీ. ముందుగా ఈ ఆదివారం మధ్యాహ్నం వంతెన ఎక్కుతాను.