క్రిస్మస్ పాటలు పండగ రాత్రి దాకా ఆగాలా?

గుడిగంట:
మా గాయక బృందంలో ఏటా ఇదే గొడవ. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపునే ఆగమన కాలం అంటాం. దాని మొదటి ఆదివారానికే క్రిస్మస్ పాటలు ఎత్తుకుంటారు. ఆగాలని నా వాదన. కతోలిక పూజలో ఈ నాలుగు ఆదివారాలూ దేవుణ్ని స్తుతించే మహిమ గీతం పాడరు, గురువు ఎక్కువగా ఊదా రంగు వస్త్రాలే ధరిస్తారు. పండగ రాత్రి ఆ గీతం మళ్లీ వినగానే ఒళ్లు పులకరిస్తుందంటే, ఇన్నాళ్లూ అది లేని వెలితి వల్లే.

బెరయ:
ఆగమన కాలం పాటించమని బైబిల్లో ఎక్కడుంది? రక్షకుడు వచ్చేశాడు. ఇంకా రానట్టు నటించడం ఎందుకండీ?

గుడిగంట:
డిసెంబర్ 25 కూడా బైబిల్లో లేదు. ఇక నటన అంటారా, డిసెంబర్ 16 దాకా మా ప్రార్థనలు ఎక్కువగా క్రీస్తు తిరిగి వచ్చే రెండో రాకడ గురించే. 17 నుంచి బేత్లెహేము వైపు మళ్లుతాయి. రెండో రాకడ ఇంకా జరగలేదు కదా!

బెరయ:
నేను 25 కూడా జరుపుకోను, ఆ బాణం నాకు తగలదు. రెండో రాకడ కోసమైతే ఏడాది పొడుగునా కనిపెట్టాలి.

దీపస్తంభం:
పెద్దలు ఆగమంటారు, పిల్లల మాటేమిటి? 1839లో హాంబర్గ్‌లో విచెర్న్ అనే లూథరన్ బోధకుడు పేద పిల్లల ఆశ్రమం నడిపేవారు. క్రిస్మస్ ఎప్పుడని పిల్లలు ప్రాణం తీస్తుంటే బండి చక్రం మీద 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, 4 పెద్ద తెల్లవి నిలిపి రోజుకొకటి వెలిగించారు. ఎదురుచూపు కూడా సందడిగానే ఉండవచ్చు. పాడనివ్వండి.

కావలివాడు:
ఈ కాలం మొదలవడానికి కొద్ది రోజుల ముందే మా అమ్మ పోయింది. ఎక్కడికి వెళ్లినా సంబరాల పాటలే. గుడిలో మాత్రం యెషయా 40వ అధ్యాయం చదివారు, బబులోను చెరలో బందీలుగా ఉన్న యూదులకు చెప్పిన ఓదార్పు. ఆదివారానికొకటి చొప్పున పెట్టిన నాలుగు కొవ్వొత్తుల్లో ఒక్కటే వెలుగుతోంది. మిగిలిన మూడింటి వత్తులు ఇంకా తెల్లగా, మైనం అంటుకుని నిటారుగా ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను. సంతోషించమని నన్నెవరూ తొందరపెట్టలేదు. అందరికీ ఏదో ఒకటి ఇంకా రావలసి ఉందని ఆ గుడి మొత్తం ఒప్పుకున్నట్టు అనిపించింది. ఆశ అన్న మాట నేను తట్టుకోగలిగింది అక్కడే. మొదటి వారమే పండగ చేసేస్తే నాలాంటివాళ్లు ఎక్కడ కూర్చోవాలి?

దీపస్తంభం:
మీ మాట కాదనలేను. అయినా మూడో ఆదివారం ఉంది కదా, ఆనంద ఆదివారం, గులాబీ రంగు వస్త్రాలు. ఆ రోజు నుంచైనా పాడుకోనివ్వరా?

గుడిగంట:
2023లో ఈ కాలం మొత్తం 22 రోజులే, నాలుగో ఆదివారం డిసెంబర్ 24నే పడింది. ఆ కాస్త ఓపిక కూడా లేదా? క్రిస్మస్ కాలం జనవరిలో ప్రభువు జ్ఞానస్నాన పండగ దాకా సాగుతుంది. 26 నుంచి మాత్రం ఒక్క పాటా వినిపించదు. పాటల మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు అప్పుడెక్కడికి పోతారో!

కావలివాడు:
మూడో ఆదివారం పాడితే నాకు అభ్యంతరం లేదండీ. పాఠం చదివాక, పాట ఎత్తుకునే ముందు రెండు నిమిషాలు మైకు కట్టేయమనండి.