సి-బుక్కులో పెట్రోల్, బండిలో డీజిల్: పొల్యూషన్ సర్టిఫికెట్ ఇవ్వడం లేదు

కోనసీమ అంబాసిడర్:
సభ్యులందరికీ నమస్కారం. ఉదయం తొమ్మిది గంటల నుంచి మూడు పొల్యూషన్ సెంటర్లు తిరిగాను, ఒక్కరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. మాది 1988 నాటి అంబాసిడర్. ఇంజిన్ మార్పించి చాలా ఏళ్లయింది, బండి నిక్షేపంగా నడుస్తోంది, పొగ కూడా పెద్దగా రాదు. అయినా నంబరు కొట్టగానే కంప్యూటర్ ఒప్పుకోవడం లేదంటున్నారు. రిజిస్ట్రేషన్ గడువు కూడా దగ్గర పడింది. ఏం చేయాలో దయచేసి చెప్పండి.

యాభై రెండో సెక్షన్:
ఏ ఇంజిన్ తీసి ఏది పెట్టారు? సి-బుక్కులో ఇంధనం ఏమని ఉంది?

పాతబండ్ల పిచ్చోడు:
అసలు ఇంజిన్ తీయించడమే పొరపాటండీ. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి పదేళ్ల ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తారు, నంబరు పలకలో ‘వి.ఎ.’ అన్న అక్షరాలు కూడా వస్తాయి. అయితే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. మీరు ఆ భాగ్యాన్ని చేతులారా పోగొట్టుకున్నారు.

యాభై రెండో సెక్షన్:
1988 బండికి యాభై ఏళ్లు నిండేది 2038లో. ఆయనకు సర్టిఫికెట్ ఇప్పుడు కావాలి.

కోనసీమ అంబాసిడర్:
క్షమించాలి, అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను. పెట్రోల్ ఇంజిన్ తీసేసి, 1997లో నాన్నగారు అదే కంపెనీ 1489 సీసీ డీజిల్ ఇంజిన్ పెట్టించారు. సెంటర్‌లో కుర్రాడు సైలెన్సర్‌లో గొట్టం దూర్చబోతూ ఇంజిన్ చప్పుడు విని ఆగిపోయి, “ఇది డీజిల్ కదండీ, ఇక్కడ పెట్రోల్ అని వస్తోంది” అన్నాడు.

పొగ మీటరు:
మీ ఇబ్బందికి కారణం అదే. పెట్రోల్ బండిని ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్‌ను నడవనిచ్చి, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్‌లు కొలుస్తారు. డీజిల్ బండికి యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కించి పొగ సాంద్రత కొలుస్తారు, మీ కాలపు బండికి అది 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ సాంద్రత కొలమానం) దాటకూడదు. రికార్డులో పెట్రోల్ అని ఉన్నంతకాలం ఆ రెండో పరీక్ష తెరుచుకోదు, కాబట్టి ఇంకో పది సెంటర్లు తిరిగినా ఫలితం ఉండదు.

మెకానిక్ మావయ్య:
ఒకటే కంపెనీ, ఒకటే సీసీ అయినప్పుడు దీన్ని ఇంజిన్ రీప్లేస్‌మెంట్ అనాలి గదా. దానికి ఇంత గొడవ దేనికి?

యాభై రెండో సెక్షన్:
అనకూడదు. రీప్లేస్‌మెంట్ అంటే అదే తయారీ, అదే రకం ఇంజిన్. ఇంధనం మారితే అది ఆల్టరేషన్, అంటే బండి మూల లక్షణాన్నే మార్చడం.

మెకానిక్ మావయ్య:
మా షెడ్డులో నలభై ఏళ్లుగా రెండింటినీ మార్పిడి అనే అంటున్నామండీ.

యాభై రెండో సెక్షన్:
షెడ్డులో ఏమన్నా ఫరవాలేదు, ఆర్టీఓ ఆఫీసులో కుదరదు. బండి మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52ను 2000లో తిరగరాశారు. దాని ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. అయితే మీ మార్పు 1997 నాటిది. అప్పటి నిబంధన కింద, అధికారికి ముందుగా తెలిపి అనుమతి తీసుకుని ఉంటే పరిస్థితి వేరు. అప్పటి కాగితం ఏదైనా ఉందా?

కోనసీమ అంబాసిడర్:
అటక మీద ట్రంకుపెట్టెలో పుస్తకం రూపంలో ఉన్న పాత సి-బుక్కు దొరికింది. మూడో పేజీలో ఎర్ర సిరాతో కొత్త ఇంజిన్ నంబరు, పక్కన డీజిల్ అన్న మాట, కింద ముద్ర, సంతకం ఉన్నాయి. ఇంతకాలం తర్వాత వచ్చిన సి-బుక్కు కార్డునే చూపిస్తూ వచ్చాం, దాని మీద మాత్రం పెట్రోల్ అనే ఉంది.

యాభై రెండో సెక్షన్:
ఈ మాట పొద్దున్నే చెప్పి ఉంటే సరిపోయేది. పుస్తకంలో ఎక్కిన మార్పు కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. మీరు కొత్తగా ఆల్టరేషన్‌కు దరఖాస్తు పెట్టవద్దు, పెడితే తిరస్కరిస్తారు. అసలు పుస్తకం, జిరాక్స్ పట్టుకెళ్లి రికార్డు సవరణ కోరుతూ అర్జీ ఇవ్వండి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఇంజిన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది సరిచూసుకుంటారు, కాబట్టి ముందే ఆ చోట జిడ్డు తుడిపించండి. పొల్యూషన్, రెన్యువల్ ఆ తర్వాతే.

పొగ మీటరు:
రెన్యువల్‌కు డబ్బు సిద్ధంగా ఉంచుకోండి. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి రుసుమే 10,000 రూపాయలు.

కోనసీమ అంబాసిడర్:
సరేనండీ, సోమవారం వెళ్తాను. అందరికీ థ్యాంక్స్.

పాతబండ్ల పిచ్చోడు:
ఆ తీసేసిన పెట్రోల్ ఇంజిన్ మీ దగ్గరే ఉందా? అమ్మే ఉద్దేశం ఉంటే తెలియజేయగలరు.