సుగ్గికి వెళ్లే పిల్లలు, పదో తరగతి ఫలితాలు: మా హైస్కూలు కోసం ఏం చేయగలం?

ప్రశ్న: ఒక తండ్రి, ఆదోని డివిజన్

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లా పడమటి వైపున్న ఒక చిన్న పట్టణంలో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తల్లిదండ్రుల కమిటీలో నేను సభ్యుడిని. మా అమ్మాయి అక్కడే తొమ్మిదో తరగతి చదువుతోంది. 2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం మంది ఉత్తీర్ణులు కాగా, మా జిల్లా 62.47 శాతంతో అన్ని జిల్లాల కంటే చివర నిలిచింది. అప్పటి నుంచి మా ఊళ్లో నలుగురు కూర్చున్న చోటల్లా ఒకటే మాట వినిపిస్తోంది: సర్కారు బడిలో చదువు లేదు, పిల్లల్ని ప్రైవేటులో వేయండి అని. నేను ఆ మాట ఒప్పుకోలేకపోతున్నాను, ఎందుకంటే పదో తరగతి హాజరు పట్టీని నా కళ్లతో చూశాను.

జూన్ నుంచి అక్టోబరు దాకా ఆ పట్టీ నిండుగా ఉంది. దీపావళి దాటాక ఎర్ర సిరా గుర్తులు అక్కడొకటి ఇక్కడొకటి మొదలై, డిసెంబరు పేజీకి వచ్చేసరికి కొన్ని వరుసలు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎర్రగానే కనిపించాయి. వాళ్లంతా సుగ్గికి, అంటే కోత పనుల వలసకు, పోయిన ఇళ్ల పిల్లలు. ఇక్కడ పొలం పనులు ముగిశాక మా వైపు కుటుంబాలు మిరపకాయల కోతకు గుంటూరు, పల్నాడు వైపు తరలిపోయి, ఉగాది నాటికో ఆ తరువాతో తిరిగి వస్తాయి. పదో తరగతి పరీక్షలు జరిగేది మార్చిలో. 75 శాతం హాజరుంటేనే డబ్బు వేసే పథకాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. కానీ అప్పు తీర్చవలసిన ఇంట్లో నలుగురూ కోతకు దిగితే వచ్చే కూలి ముందు ఆ డబ్బు నిలవడం లేదు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశం జరిగినప్పుడు, ఎవరితో మాట్లాడాలని మేము ఎదురుచూశామో వాళ్లే ఊళ్లో లేరు.

కమిటీగా మా చేతిలో ఏముంది? బడిలో పనిచేసినవారు, అలా చదువుకున్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

జవాబు: విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు

అయ్యా, నేను ముప్పై ఏళ్లకు పైగా గణితం చెప్పాను. అందులో ఎక్కువ కాలం మీ వైపు మండలాల్లోనే గడిచింది. మీరు హాజరు పట్టీ తెరిచి చూడడం మంచి పని. అయితే పదో తరగతి పట్టీ ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. అదే పిల్లవాడి ఆరో తరగతి, ఏడో తరగతి పట్టీలు కూడా తీయించి చూడండి. పదిలో తప్పినవాడు ఆ ఒక్క ఏడాదే వెనకబడి ఉండడు. ఏటా డిసెంబరు నుంచి మార్చి దాకా చెప్పిన పాఠాలు వాడికి అందలేదు. పుస్తకంలో వెనక సగం ఎప్పుడూ ఆ నెలల్లోనే చెబుతాం కనుక, ప్రతి తరగతి పుస్తకంలోనూ వెనక సగం వాడికి తెల్లకాగితంగానే మిగిలిపోయింది.

ఒక అబ్బాయి ఇప్పటికీ నాకు గుర్తున్నాడు. సగటు కనుక్కునే లెక్క ఇచ్చాను. పట్టిక చక్కగా గీశాడు, తరగతి అంతరాలు వేశాడు, 10కీ 15కీ నడిమి విలువ రాయవలసిన చోట కలం ఆపేశాడు. ఎంత వస్తుందిరా అని అడిగితే పన్నెండున్నర అని నోటితో వెంటనే చెప్పాడు, కానీ దాన్ని 12.5 అని రాయాలని వాడికి తెలియదు. దశాంశాలు చెప్పిన నెలల్లో వాడు మిరప చేలో ఉన్నాడు. వాడికి లెక్కలు రావని అప్పటికి నాలుగేళ్లుగా అందరూ అంటున్నారు, వాడూ నమ్మేశాడు.

పదో తరగతికి చలికాలంలో మొదలుపెట్టే ప్రత్యేక తరగతుల సంగతి ఆలోచించండి. ఆ రోజులు సరిగ్గా సుగ్గి రోజులు. ఎవరికి ఆ తరగతులు అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్లే అక్కడ ఉండరు. అందుకే నేను చివరి సంవత్సరాల్లో వరుస మార్చాను. వెళ్లబోయే పిల్లల్ని జులైలోనే గుర్తించి, సాయంత్రం ఒక గంట కూర్చోబెట్టి, పుస్తకం చివర ఉండే సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత ముందే చెప్పేవాణ్ణి. గణితం 100 మార్కుల పేపరులో 35 తెచ్చుకోవడానికి ఆ రెండు అధ్యాయాలూ, ఒక మార్కు ప్రశ్నలూ చాలా ఆసరా ఇస్తాయి.

అన్నిటికంటే పెద్ద ఆసరా సీజనల్ హాస్టలు. తల్లిదండ్రులు వలస వెళ్లినా పిల్లవాడు బడిలోనే తిని, అక్కడే పడుకుని చదువుకునే ఏర్పాటు సమగ్ర శిక్ష అనే సర్కారు బడుల పథకం కింద ఉంది. కానీ కుటుంబం కదిలే రోజుకు అక్కడ పొయ్యి వెలిగి ఉండాలి. వారం ఆలస్యమైనా పిల్లవాడు లారీ ఎక్కేసి ఉంటాడు, వాణ్ణి మళ్లీ వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. కమిటీ తీర్మానం, పిల్లల పేర్లతో సహా, దసరాకు ముందే పైకి వెళ్లాలి. 2024లో 96.37 శాతంతో మొదటి స్థానంలో నిలిచిన పార్వతీపురం మన్యం జిల్లా కూడా పేద జిల్లానే. అక్కడ చాలామంది పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉండి చదువుతారు. అయితే అదొక్కటే కారణమని నేను అనను. అలాంటి బడులే ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా 2025లో చివరి స్థానంలో నిలిచింది. పిల్లవాడు రాత్రి బడిలో ఉంటే సరిపోదు, ఆ రాత్రి వాడి పక్కన కూర్చుని చెప్పే మనిషి కూడా ఉండాలి.

జవాబు: ఒక పూర్వ విద్యార్థిని

అన్నా, నేను అలా చదువుకున్నదాన్నే. ఇప్పుడు గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. పదో తరగతిలో 125 రూపాయల పరీక్ష ఫీజు మా తెలుగు సార్ కట్టారు, నేను అమ్మానాన్నలతో కోతకు వెళ్లిపోయాను. పుస్తకాలు తీసుకువెళ్లాను, కానీ చదివింది తక్కువ. సాయంత్రానికి వేళ్లు మండిపోయేవి. ఎంత కడిగినా ఆ మంట పోయేది కాదు, మరిచిపోయి ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే ఆ రాత్రికి ఇక అక్షరం కనిపించేది కాదు. పరీక్షలకు రెండు రోజుల ముందు ఒంటరిగా బస్సెక్కి వచ్చి రాశాను. రెండు సబ్జెక్టులు పోయాయి, తరువాత సప్లిమెంటరీలో గట్టెక్కాను. వారానికోసారి మా సార్ ఫోను చేసి ఎంతవరకు చదివావమ్మా అని అడగకపోయి ఉంటే ఆ బస్సు ఎక్కేదాన్నే కాదు.

ఇంతవరకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. నన్ను మొదట తీసుకువెళ్లింది కోతకు కాదు. అప్పుడు నేను ఆరో తరగతి. మా తమ్ముడికి ఏడాది నిండలేదు, అమ్మ చేలో ఉంటే చెట్టు కింద వాణ్ణి ఎత్తుకోవడానికి నన్ను తీసుకువెళ్లారు. మా వైపు ఆడపిల్లలు చాలామంది బడి మానేది ఇలాగే. అందుకని మీరు ఇళ్లకు వెళ్లినప్పుడు పాపను బడిలో వదలండి అని ఊరికే అడగవద్దు. చిన్నపిల్లను అక్కడ ఎవరు చూస్తారని అడగండి. వాళ్లు వెళ్లే ఊళ్లో అంగన్‌వాడీ ఎక్కడుందో కనుక్కుని చెప్పగలిగితే సగం పని అయినట్టే. ఇక వయసొచ్చిన పిల్లను అవ్వ దగ్గర వదలడానికి భయపడే తల్లి సీజనల్ హాస్టలు పేరు చెప్పినా ఒప్పుకోదు, రాత్రి అక్కడ ఆడమనిషి ఎవరుంటారని అడుగుతుంది. ఆ పేరు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. కస్తూర్బా విద్యాలయంలో సీటు దొరికితే ఈ దిగులే ఉండదు, కానీ దానికి ఆరో తరగతిలోనే ప్రయత్నించాలి.

జవాబు: పల్నాడు జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు

మీ పిల్లలు వచ్చేది మా ఊరికే. చేల పక్కన గుడారాలు వేసుకుని ఉంటారు, ఉదయం మా బడి గేటు ముందు నుంచే నడిచి వెళతారు. ఎనిమిదో తరగతి లోపు పిల్లలను చేర్చుకోవడానికి బదిలీ పత్రం ఆలస్యం అడ్డు కాకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియక, కాగితం లేదని బడి గడప దాకా కూడా రారు. రాష్ట్రమంతటా పుస్తకాలు ఒకటే కాబట్టి మీ దగ్గర ఆగిన పాఠం మా దగ్గర అందుకోవచ్చు. ఏ కుటుంబం ఏ ఊరికి వెళుతోందో కూలీలను కోతకు తీసుకువెళ్లే మేస్త్రీకి ముందే తెలిసి ఉంటుంది. ఆ జాబితాను మీ ప్రధానోపాధ్యాయుడు ఇక్కడి బడులకు ఫోనులో చదివి వినిపించినా చాలు, మేము గుడారాలకు వెళ్లి పేరు పెట్టి పిలవగలం.

పెద్దలు మాస్టారు గారి మాటతో ఒక చోట మాత్రం విభేదిస్తున్నాను. ఈ పిల్లలందరికీ 35 మార్కుల లక్ష్యమే పెడితే, వారిలో బాగా చదివేవారికి మనమే తలుపు మూసినట్టు అవుతుంది. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకార వేతన పరీక్ష ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఉంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏటా 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లకు 48,000 వస్తాయి. మన రాష్ట్రంలో కొన్నేళ్లుగా ఆ పరీక్ష డిసెంబరులో జరుగుతోంది. దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, పరీక్ష నాటికి మిరప చేలో ఉన్న పిల్లలను నేను చూశాను. ఆ ఒక్క ఆదివారానికి పిల్లను ఊళ్లో ఉంచగలిగితే ఆ ఇంటికి ఎంతో మేలు. పదో తరగతి మార్కులతోనే ట్రిపుల్ ఐటీల్లో సీటు ఇస్తారు, సర్కారు బడి పిల్లలకు అక్కడ 4 శాతం అదనంగా కలుపుతారు. ఇవన్నీ తల్లిదండ్రులకు జులైలోనే, వాళ్లు ఊళ్లో ఉన్నప్పుడే చెప్పాలి.

ప్రశ్న అడిగిన తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు ఆరు, ఏడు తరగతుల పట్టీలు చూపించమని మా ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగాను, ఆయన వెంటనే బీరువా తెరిచారు. పదో తరగతిలో ఎర్రగా కనిపించిన పేర్లే అక్కడా ఎర్రగా ఉన్నాయి. ఈ ఏడాది ఎవరెవరు వెళతారో మాకెవరికీ సరిగ్గా తెలియదు, కానీ మా అమ్మాయికి తెలుసు. నిన్న రాత్రి ఆమె ఒక్కొక్క పేరే చెబుతుంటే, పక్కన ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారా లేదా అని కూడా రాసుకున్నాను. హాస్టలు తీర్మానం ఈ నెల సమావేశంలోనే పెడుతున్నాం, రాత్రి కాపలాకు ఉండే ఆయమ్మ పేరుతో సహా. మేస్త్రీలు ఇద్దరు మా వీధివాళ్లే కాబట్టి ఊళ్ల జాబితా దొరుకుతుంది. పల్నాడు టీచరమ్మా, మీ బడి ఫోను నంబరు వ్యక్తిగత సందేశంలో పంపగలరా? ఆదివారం ఇళ్లకు బయలుదేరుతున్నాం, చంటిపిల్లలున్న ఇళ్లకే ముందుగా.