బాలల సంస్థ పాలకమండలిలో చేరేవారు సొంత వ్యాపారాన్ని, పాత అలవాట్లను ఎంత దూరంలో ఉంచాలి?

ప్రశ్న:
సామాజిక అభివృద్ధి రంగంలో పద్నాలుగేళ్లు క్షేత్రస్థాయిలో పనిచేసి, ఆ తర్వాత బోధన సామగ్రి తయారుచేసే చిన్న కంపెనీ పెట్టాను. ఇప్పుడు పిల్లల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ తన పాలకమండలిలో చేరమని అడిగింది. నాకూ చేరాలనే ఉంది. అయితే ఆ సంస్థ కేంద్రాలకు కావలసిన సామగ్రినే మేము తయారుచేస్తాము. లాభం లేకుండా అమ్మినా తప్పవుతుందా? పైగా, పిల్లలకు ఇబ్బంది వచ్చిందని తెలిస్తే నేనే వెళ్లి చక్కదిద్దడం అలవాటైపోయింది. ఆ అలవాటు అక్కడ పనికొస్తుందా?

జవాబు 1:
లాభం లేకపోయినా అది లావాదేవీయేనండి. చేరకముందే కంపెనీలో మీకు, మీ కుటుంబానికి ఉన్న వాటాను రాతపూర్వకంగా తెలియజేయండి. కొనుగోలు చర్చకు వచ్చినప్పుడు ఓటు వేయకుండా ఊరుకుంటే సరిపోదు. మీరు ఎదుట కూర్చుని ఉండగా మీ సరుకులోని లోపాల గురించి తోటి సభ్యులు మనసు విప్పి మాట్లాడలేరు కాబట్టి గదిలోంచి బయటికి వెళ్లాలి, వెళ్లినట్టు సమావేశ వివరాలు రాసే మినిట్స్‌లో నమోదు కావాలి. ఒక సంస్థకు చాలాకాలం కోశాధికారిగా ఉన్న అనుభవంతో చెబుతున్నాను: నిబంధనలు ఒప్పుకున్నా, పదవిలో ఉన్నంతకాలం అమ్మకం పెట్టుకోవద్దు.

జవాబు 2:
మీ రెండో సందేహమే నాకు పెద్దదిగా కనిపిస్తోంది. నేను ఇలాంటి సంస్థను నడిపిన రోజుల్లో, మంచి మనసున్న ఒక సభ్యుడు ఒక బాలిక ఫిర్యాదు సంగతి విని, ఎవరికీ చెప్పకుండా ఆమెతో మాట్లాడడానికి ఒంటరిగా వెళ్లారు. విచారణ బాధ్యత ఉన్న ఉద్యోగి ఆ తర్వాత వెళ్తే, ఆ పాప చెప్పిందే మళ్లీ చెప్పలేక మౌనంగా ఉండిపోయింది. ఆమెకు జరిగిన ఆ నష్టాన్ని మేము పూడ్చలేకపోయాము.

మీ క్షేత్రానుభవాన్ని సమావేశంలో అడిగే ప్రశ్నల్లో పెట్టండి. ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎవరు విచారించారు, ఎన్ని రోజుల్లో తేల్చారు? ఒక్కటీ రాలేదని నివేదిక చెబితే సంతోషించకండి. ఎవరికి చెప్పుకోవాలో పిల్లలకు తెలుసా అని అడగండి. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయం చెప్పే హక్కును పిల్లలకు ఇచ్చింది. ఆ హక్కు అమలవుతోందా లేదా అన్నది గ్రామాల్లో, బస్తీల్లో తిరిగిన మీకే త్వరగా తెలుస్తుంది.

జవాబు 3:
వ్యాపారం నేర్పిన లెక్కల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒక్కో బిడ్డకు అయ్యే ఖర్చు తగ్గాలని పట్టుబడితే, వైకల్యమున్న పిల్లలు, దూరాన ఉన్న పిల్లలు ముందుగా జాబితాలోంచి జారిపోతారు. ఒక పనికని దాత ఇచ్చిన గ్రాంటును మరో పనికి మళ్లించకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వాటా వివరాలతో లేఖ ఈ వారమే పంపుతాను. సామగ్రి అమ్మనని అందులోనే రాస్తాను. మొదటి సమావేశానికి ముందు, గత ఏడాది ఫిర్యాదుల నివేదికను పిల్లల పేర్లు లేకుండా పంపమని అడుగుతాను.