తన బలిమా, తన బల్మా? మొసలి పద్యం దగ్గర చిక్కు

అరసున్న: భౌతికశాస్త్రంలో ఘర్షణ పాఠానికి ముందు వేమన పద్యం ఒకటి పెడదామని మొదలుపెడితే సగంలో ఆగింది. "నీళ్లలోన మొసలి నిగిడి యేనుగు..." తర్వాత "దీయు"నా, "బట్టు"నా? రెండూ చెవికి తెలిసినవే. రెండో పాదం, గట్టెక్కిన మొసలి "కుక్కచేత భంగపడును" అని. మూడో పాదం "స్థానబలిమి గాని తన బలిమి గాదయా", దానితో పేచీ లేదు.

గురులఘువు: పేచీ అక్కడే ఉంది. ఆటవెలది మూడో పాదంలో స్థాన, బలిమి, గాని మూడూ సూర్యగణాలు (మూడు మాత్రలవి), సరే. నాలుగోది ఇంద్రగణం (నాలుగైదు మాత్రలది) కావాలి. "తన బలిమి" అంటే వరసగా ఐదు లఘువులు, ఒక్కో మాత్ర అక్షరాలు. "తనబలి" దగ్గర నలం (నాలుగు లఘువులు) కట్టి ఆపితే మిగిలిన "మి గాదయా" ఏ ఇంద్రగణంలోనూ ఒదగదు. "తన బల్మి" అనండి, సలం (రెండు లఘువులు, గురువు, లఘువు). "గాదయా" రగణం, అదీ ఇంద్రగణమే. కాబట్టి మొదటిది బలిమి, రెండోది బల్మి.

అరసున్న: ఒప్పుకున్నా. మరి తీయునా, పట్టునా?

గురులఘువు: ఛందస్సు తేల్చదు. "నుగు దీయు", "నుగు బట్టు" రెండూ సలమే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, "నిగిడి"తోనే తీరిపోయింది. ద్రుతం (మాట చివరి నకారం) మీద త ద అవుతుంది, ప బ అవుతుంది, వ్యాకరణమూ సాయం రాదు.

తక్కెడ: ఛందస్సు తేల్చకపోతే భౌతికశాస్త్రాన్ని అడగండి. పట్టడం వేరు, తీయడం వేరు. ఏనుగు కాళ్లు జారనంత వరకు అడుగున ఉన్నది స్థైతిక ఘర్షణ. మొసలి ఎంత లాగితే అదీ అంత పెరుగుతూ ఒక గరిష్ఠ విలువ దాకా ఓర్చుకుంటుంది. అది దాటి కాలు జారిందా, జారుడు ఘర్షణే మిగులుతుంది, సాధారణంగా అది తక్కువ. తాడులాగుడు పోటీలో మడమ ఒక్కసారి జారిన జట్టు తేరుకోలేనిది ఇందుకే. "పట్టు" జారకముందు మాట, "తీయు" జారాక మాట. నా ఓటు తీయుకే.

అరసున్న: నేలబలం నీళ్లలో ఎందుకు తగ్గుతుందో కూడా చెప్పండి, పాఠానికి పనికొస్తుంది.

తక్కెడ: ఏనుగు 4,000 కిలోలనుకోండి. భారం 39,200 న్యూటన్లు. పొడిగట్టు మీద ఘర్షణ గుణకం (భారంలో ఎంత వంతు ఘర్షణ ఆపగలదో చెప్పే సంఖ్య) 0.6 వేసుకుంటే 23,520 న్యూటన్ల దాకా ఆగగలదు. ఒళ్లు సగం మునిగితే నీరు పైకి నెట్టే ఉత్ప్లవన బలం దాదాపు సగం భారాన్ని మోస్తుంది, నేల పైకి నెట్టే అభిలంబ బలం 19,600కి పడిపోతుంది. అడుగున బురద, గుణకం 0.2 అనుకుందాం. మిగిలేది 3,920. ఆరో వంతు! ఏనుగు అదే, కండ అదే. గుణకాలు లెక్క కోసం వేసుకున్నవే, నేలను బట్టి మారతాయి. పిల్లలు చేసే తప్పేమిటంటే బురద ఒక్కటే చూసి గుణకం మారుస్తారు, అభిలంబ బలాన్ని మార్చడం మరిచిపోతారు.

మొసలికేమో నేలతో పనే లేదు. తోకతో నీటిని వెనక్కి నెడుతుంది, నీరు దాన్ని ముందుకు నెడుతుంది. గట్టెక్కితే అదే తోక గాలిని కొట్టాలి. గాలి సాంద్రత నీటిలో దాదాపు 800వ వంతు. కుక్కచేత భంగపడక ఏం చేస్తుంది!

కలిమిలేమి: అందరూ దాటేసిన మాట ఒకటుంది. బలిమి అంటే భౌతికశాస్త్రపు బలం కాదు. కలిమి, బలిమి ఇవి ఒకరికి ఉండేవి. పాఠంలోని బలం ఒకరి దగ్గర ఉండదు, రెంటి మధ్య ఉంటుంది. దొర్లే బంతిలో "బలం ఉంది" అంటాం చూశారా, అందులో ఉన్నది ద్రవ్యవేగం, గతిశక్తి. బలం గోడకు తగిలినప్పుడే పుడుతుంది, గోడ నుంచి పోగానే పోతుంది. "తన బల్మి గాదయా" అన్నది నాకు సరిగ్గా అలాగే వినబడుతుంది.

గురులఘువు: వేమనకు న్యూటన్‌ను అంటగట్టకండి. అంతగా మూడో నియమం (చర్యకు సమానమైన ప్రతిచర్య) కావాలంటే గజేంద్రమోక్షంలో పోతన ఉన్నాడు. "కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచు". ఇద్దరికీ ఒకే క్రియ!

అరసున్న: అక్కడ "దిగుచు" అంటే దిగుతూ అనేగా?

గురులఘువు: కాదండీ. అరసున్న పేరు పెట్టుకుని అరసున్న చూడరా? "కరిఁ" మీద ద్రుతం ఉంది, కాబట్టి అసలు మాట తిగుచు, లాగు అని.

తక్కెడ: ఒకే క్రియ అన్నారు, బాగుంది. రెండు స్ప్రింగ్ త్రాసులు కొక్కేలు తగిలించి లాగితే ఒకటి 50 న్యూటన్లు చూపిస్తే రెండోదీ 50 చూపిస్తుంది, ఎవరు గట్టిగా లాగినా సరే. కానీ లాగేముందు రెండు ముళ్లూ సున్నా దగ్గర ఉన్నాయో లేదో చూడాలి, లేకపోతే నియమం తప్పినట్టు కనిపిస్తుంది.

అరసున్న: సమానమైతే ఎవరూ కదలకూడదుగా?

తక్కెడ: ఆ రెండు బలాలూ వేర్వేరు ఒంటి మీద పనిచేస్తాయి, కొట్టేసుకోవు. ఏనుగు సంగతి ఏనుగు మీది బలాలతోనే తేల్చాలి. మొసలి 5,000తో లాగి నేల 3,920తో ఆపితే (జారాక ఇంకా తక్కువే ఆపుతుంది) ఫలిత బలం కనీసం 1,080. నీటి నిరోధం వదిలేస్తే త్వరణం సెకనుకు సెకనుకు 0.27 మీటర్లు.

కలిమిలేమి: "నిగిడి" ఊరికే లేదు. నిగుడు అంటే సాగు, చాపు. తన్యతకు, అంటే లాగిన తాడులో పుట్టే బలానికి, "నిగుడు బలం" అనొచ్చు కదా.

తక్కెడ: స్ప్రింగుకైతే ఒప్పుకుంటా. తాడు బిగుస్తుంది, సాగడం కంటికి కనబడదు. "బిగి" చాలు.

గురులఘువు: నిగిడి అంటే ఇక్కడ విజృంభించి. తాడూ లేదు, స్ప్రింగూ లేదు. ఇంతకీ రెండో పాదం "బైట"నా, "బయట"నా? గణం రెంటికీ కుదురుతోంది.