బావ అక్క గొంతు నులిమాడు, ఆమెను ఎలా బయటికి తీసుకురావాలి?

అక్క వాళ్లు వరంగల్‌లో ఉంటారు. మొదట్లో చెంపదెబ్బలు, ఫోన్ లాక్కోవడం. పోయిన వారం బావ గొంతు నులిమాడు, 'పుట్టింటికి పోతే చంపేస్తా' అన్నాడు. గొంతు నులిమేదాకా వచ్చినవాడు హత్యకు తెగించే ప్రమాదం చాలా ఎక్కువని చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అమ్మేమో సర్దుకుపొమ్మంటుంది. స్టేషన్‌లో కౌన్సెలింగ్ చేసి పంపేశారు, అదీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టి!

మహిళా హెల్ప్‌లైన్ 181కి చేస్తే సఖి కేంద్రానికి (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) వెళ్లమన్నారు. నాలుగేళ్ల బాబుతో అక్కడ ఉండనిస్తారా? గృహహింస చట్టం కింద కేసు మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని ఉంది కదా, ఇలాంటి ఇంటి నుంచి బయటపడ్డవాళ్లు చెప్పండి, మధ్యంతర రక్షణ ఉత్తర్వు (కేసు తేలేలోపు కోర్టు ఇచ్చేది) మీకు నిజంగా ఎన్నాళ్లకు వచ్చింది? మెడ మీద గుర్తులు పోతున్నాయి, ఫోటోలున్నాయి. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఆ గాయాలు రాయించుకోవచ్చా? బయటపడేటప్పుడే ఎక్కువ ప్రమాదం అంటున్నారు, ఆయనకు తెలియకుండా మీరెలా వచ్చారో చెప్పండి, ప్లీజ్.